గంజిగుడ్డ రెక్కల కారు

భివండీ పక్కన కాశేలిలో పాత సేఠు గోదామును ఖాళీ చేస్తున్నారని తెలిసిన రోజే హనుమాండ్లు వెళ్లి ఆ కారును కొన్నాడు. బేరమాడలేదు. ఇరవై నాలుగేళ్ల గుడ్డల వ్యాపారంలో, చెప్పిన ధరకు మారుమాట లేకుండా ఆయన కొన్న వస్తువు అదొక్కటే. గోదాము గుమస్తాకు అదే అనుమానం తెచ్చింది. నోట్లను రెండుసార్లు వెలుతురుకు పట్టి చూసుకున్నాడు.

కారు అని పేరే గాని అప్పటికి అది కారు కాదు. చక్రాల్లో గాలి లేదు. అద్దాల మీద పదిహేడేళ్ల నూలుపొట్టు దుప్పటిలా పేరుకుంది. ఎలుకలు సీట్ల కడుపులు చీల్చి కాపురం పెట్టాయి. నాలుగు చక్రాల పైన ఉండే వంపు రేకులు తుప్పు తిని, వేలు పెడితే అప్పడంలా విరుగుతున్నాయి. ఒకప్పుడు సేఠు అల్లుడు కువైట్ నుంచి ఓడలో దింపుకున్న జపాను స్పోర్ట్స్ కారు అది. ఎరుపు రంగు, రెండే తలుపులు. కువైట్ పద్ధతి ప్రకారం స్టీరింగు ఎడమవైపు ఉంటుంది.

హనుమాండ్లు దాన్ని టెంపోకు కట్టి లాక్కొచ్చి, కామత్‌ఘర్‌లో తన సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డును ఆనుకుని ఉన్న ప్రభుదాసు గ్యారేజీలో పెట్టించాడు. ప్రభుదాసుది నిజామాబాదు వైపు. టెంపోల సొట్టలు తీస్తాడు, రంగులు వేస్తాడు, ఫైబరుతో కేబిన్లు పోస్తాడు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు సుత్తి.

"ఇదేంది అన్నా, శవాన్ని తెచ్చినవ్?" అన్నాడు ప్రభుదాసు.

"లేపాలె."

"లాజరును లేపినాయన వేరే. నేను డెంటర్‌ని."

హనుమాండ్లు కొడుకు వైభవ్‌కు ఇరవై రెండేళ్లు. కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, "బాపూ, దీన్ని పాత ఇనుము కొనే భంగార్‌వాలా గూడ నక్కో అంటడు," అన్నాడు.

తండ్రి కుడివైపు అద్దం మీది నూలుపొట్టును చేత్తో తుడిచాడు. దాన్ని ఎందుకు కొన్నాడో కొడుకుకు చెప్పే సంగతి కాదు.

1978 వానాకాలంలో హనుమాండ్లు ఆ సేఠు షెడ్డులోనే సాంచాలు నడిపే కూలి. అదే షెడ్డులో రాజమణి కండెలు చుట్టేది. ఇద్దరిదీ కోరుట్ల వైపే. ఒకరోజు కాశేలి నుంచి నూలు సంచులు తెమ్మని ఇద్దరినీ పంపారు. సంచులు దొరికాయి గాని బస్సు దొరకలేదు. సుంకం వసూలు చేసే జకాతు నాకా దగ్గర వానలో నిలబడి ఉంటే సేఠు డ్రైవరు ఈ కారును ఆపాడు. సంచులతో పాటు హనుమాండ్లు వెనక ఇరుక్కున్నాడు. రాజమణి ముందు కూర్చుంది. స్టీరింగు ఎడమవైపు కాబట్టి ఆమె కూర్చున్నది కుడివైపు, అంటే మన దేశంలో డ్రైవరు కూర్చునే వైపు. నాకా మీది హమాలీ ఒకడు, "అరే దేఖో, బాయీ గాడీ చలా రహీ హై," అని అరిచాడు, ఆడమనిషి బండి నడుపుతోందని. అంతే, ఆ పిల్ల రెండు చేతులూ గాలిలోకి ఎత్తి, లేని స్టీరింగును కామత్‌ఘర్ వచ్చేదాకా తిప్పుతూనే ఉంది. నవ్వుతూనే ఉంది. వెనక సంచుల మధ్య నుంచి హనుమాండ్లు ఆ మోచేతులను, తడిసిన జడను చూశాడు. దిగగానే అడగాలనుకున్నాడు.

అడగలేదు. ఆ వారమే సొంత సాంచాలున్న శాంతాబాయి తండ్రి కబురు పంపాడు, తన పిల్లను చేసుకుంటే నాలుగు సాంచాలు నడుపుకోవడానికి ఇస్తానని. ఒకవైపు నాలుగు సాంచాలు, ఒకవైపు కండెలు చుట్టే పిల్ల. శనివారం నుంచి సోమవారం దాకా తూచాడు. సోమవారం పొద్దున సాంచాల వైపు మొగ్గింది.

ఆ లెక్క తప్పలేదు. నాలుగు సాంచాలు ఇరవై నాలుగయ్యాయి. శాంతాబాయి మంచి మనిషి, ఇంటినీ వ్యాపారాన్నీ నిలబెట్టిన మనిషి. లెక్క తప్పి ఉంటే కనీసం ఎవరితోనైనా చెప్పుకుని ఏడ్చేవాడు. లాభం వచ్చిన బేరం గురించి ఎవరి దగ్గర ఏడుస్తాడు?

శాంతాబాయి పోయి రెండేళ్లయింది. రాజమణి ఏనాడో కనకయ్య అనే సాంచాల కార్మికుణ్ని చేసుకుంది. అతను ఛాతీ జబ్బుతో పోయి ఏడేళ్లు. పిల్లలు లేరు. నార్పోలిలో ఒక గదిలో ఉంటుంది. సాంచాల వాళ్ల దగ్గర మిగిలిన కట్ పీసులు తూకానికి కొని, ఉతికి, లంగాలు, దిండు గలీబులు కుట్టి అమ్ముతుంది. శనివారం శనివారం హనుమాండ్లు గాలాకు, సరుకు అమ్మే గదికి, వస్తుంది. వారానికి పావుగంట. ఆ పావుగంటలో పీసుల మంచిచెడ్డలు తప్ప వేరే మాట ఉండదు.

ఇప్పుడు ఆయనకు కావలసింది ఒక్కటే. తాను ఎడమవైపు స్టీరింగు పట్టుకోవాలి, రాజమణి కుడివైపు కూర్చోవాలి, అప్పుడు ఆ రోజు అడగని మాట అడగాలి. మాట అడగడానికి కారెందుకంటే, దానికి ఆయన దగ్గర జవాబుంది. చేతిలో సరుకు లేకుండా బేరానికి కూర్చునేవాణ్ని ఎవరు నమ్ముతారు?

ఇంజను పని కుర్లా నుంచి తెచ్చిన సామానుతో ఆరు నెలలు పట్టింది. చక్రాలు అసలు కొలతవి ఎక్కడా దొరకలేదు. దొరికినవి వెడల్పువి. బిగిస్తే నాలుగు వేళ్ల మేర బయటికి పొడుచుకొచ్చాయి. పైన చూస్తే రేకులు తుప్పు తిని బొక్కలు. ఏం చేయాలా అని ముగ్గురూ చూస్తుండగా, వైభవ్ థాణే స్టేషన్లో కొన్న కార్ల పత్రికను తెచ్చి తెరిచాడు.

"బాపూ, హే బఘ్, గిది సూడు. చక్రాలు బయటికి, బాడీ చౌడా. దీన్ని వైడ్‌బాడీ కిట్ అంటరు. జపాన్ల ఇదే చల్తది."

బొమ్మలో కారు చక్రాల మీద ఉబ్బెత్తు రెక్కలు వేసుకుని, నేలకు ఆనుకుని, దూకబోయే పిల్లిలా ఉంది.

"పన్నా ఎంత పెరుగుతది?" అన్నాడు హనుమాండ్లు. గుడ్డ వెడల్పును పన్నా అంటారు. ఆయనకు వెడల్పున్నదేదైనా పన్నాయే.

"దోనో తరఫ్ నాలుగు నాలుగు ఇంచులు."

చిన్న పన్నా గుడ్డను ఎవరూ అడగని రోజులవి. పెద్ద పన్నా అయితే కొనేవాడు నిలబడి చూస్తాడు. పైగా ఒక్క కప్పుతో నాలుగు తుప్పు బొక్కలు, నాలుగు పొడుచుకొచ్చిన చక్రాలు, ఎనిమిది లోపాలు కప్పబడతాయి. హనుమాండ్లుకు నచ్చింది.

"తయారు కిట్ ఓడ మీద రావాలె, మన తరం గాదు," అన్నాడు ప్రభుదాసు. "నేనే పోస్త. గ్లాసు మ్యాటు ఇరవై కిలోలు తెప్పియ్యి."

"మ్యాటు అంటే ఏంది?"

"గాజు పోగుల గుడ్డ. దాన్ని అచ్చుల పరిచి రెజిన్ పోస్తే రాయి అయితది."

"గుడ్డనా?" హనుమాండ్లు నవ్వాడు. "ఇరవై నాలుగు సాంచాలు నడిపెటోడు బయట గుడ్డ కొన్నడంటే కామత్‌ఘర్ల నా ముఖం ఎట్ల చూపియ్యాలె?"

"అన్నా, గది గాజు. నీది పత్తి."

"అడ్డం పోగు, నిలువు పోగు. రెండు అదే కద."

"నేను పత్తితోని ఎన్నడు చెయ్యలే. చెప్పుడు నా వంతు."

"నీకు రెజిన్ ఎరుక. నాకు గుడ్డ ఎరుక. ఇంకేం గావాలె?"

సాంచాల మీద నుంచి అప్పుడే దిగిన తానుల్లో అన్నిటికన్నా బరువైనదాన్ని, చేతిలో పట్టుకుంటే అట్టలా నిలబడేదాన్ని, హనుమాండ్లు స్వయంగా ఏరి తెచ్చాడు. ప్రభుదాసు కుళ్లిన రేకులను కోసేశాడు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నాలుగు రెక్కల అచ్చులు చేసి, మైనం పూసి, గుడ్డ పొర మీద రెజిన్, రెజిన్ మీద గుడ్డ పొర, అలా ఏడు పొరలు వేశాడు. ఆరినాక ఊడదీసి బోల్టులతో కారుకు బిగించి, లప్పం పెట్టి, నీళ్ల కాగితంతో పదిహేను రోజులు రుద్దాడు. ఎరుపు రంగు పడ్డాక కామత్‌ఘర్ సగం వచ్చి చూసింది.

ఆ మధ్య ఒక శనివారం రాజమణి కట్ పీసులు ఏరుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఏంది సేఠూ, ముసలితనంల కారు పిచ్చి పట్టిందట?"

గాలాలో ఎవరైనా ఉంటే ఆమె సేఠు అంటుంది. అప్పుడు ఎవరూ లేరు. ఎగతాళికి అన్నదే.

"పెట్టుబడి," అన్నాడు హనుమాండ్లు.

"అమ్ముతవా?"

"అమ్మేటిది గాదు."

"అమ్మనిది పెట్టుబడి ఎట్లయితది హన్మాండ్లూ? వ్యాపారం మర్సినవా?"

ఆయన తరాజును సరిచేశాడు. "పాత సేఠుది. యాదికున్నదా?"

పీసు మడత పెడుతున్న ఆమె చేతులు ఆగాయి. "ఎర్రదా?"

"ఎర్రదే."

"స్టీరింగు…" అంటూ ఆమె చేతులు కొంచెం పైకి లేచాయి. లేచినవి మళ్లీ మూట మీదికి దిగి, ముడి వేసి బిగించాయి. "తూకం చెయ్యి, పొద్దు పోతున్నది," అంది.

అడగడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదని ఆయనకు తెలుసు. కాని కారుకు అప్పటికి సీట్లు లేవు. సీట్లు లేని కారులోకి ఎవరిని రమ్మంటాడు?

2003 దీపావళి పోయిన మూడోనాడు, మంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని, హనుమాండ్లు కారును నార్పోలి తీసుకుపోయాడు. ఆ ఏడు వానలు ఆలస్యంగా పోయాయి. దారి నిండా గుంతలు, గుంతల నిండా నీళ్లు. రాజమణి గది ముందు ఆగేసరికి సందులోని వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు. ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, కారును చూసింది. నవ్వబోయింది.

అప్పుడే కుడి వెనక చక్రం దగ్గర చప్పుడయింది. పెద్ద చప్పుడు కాదు, పాత పుస్తకం అట్ట ఊడినట్టు. రెక్క పై పొర రంగుతో సహా లేచి, వంగి, కింద పడింది. దాని కింది పొర కూడా లేస్తోంది. పూరీ పొరల్లా ఒకదాన్నుంచి ఒకటి విడిపోతున్నాయి.

పక్కింటి పెంటవ్వ ముక్కు మీద వేలేసుకుంది. "గిదేందే, కారు పొట్టు రాలుస్తున్నది?"

రాజమణి కింద పడ్డ ముక్కను తీసింది. రెజిన్ పైపైనే గడ్డకట్టి ఉంది. లోపల గుడ్డ తెల్లగా, పొడిగా, సాంచ మీద నుంచి దిగినట్టే ఉంది. బొటనవేలితో రుద్దింది. నాలుక కొసతో తాకింది.

"గంజి తీసినవా?" అంది.

హనుమాండ్లు ఆ ముక్కను ఆమె చేతిలో నుంచి తీసుకున్నాడు.

సాంచ మీద పోగు తెగకుండా గంజి పట్టిస్తారు. అది నూలు పని చేసే ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి. ఆ గంజి పోయేదాకా గుడ్డ రంగు పీల్చదు, నీళ్లు పీల్చదు. మరి రెజిన్ ఎలా పీలుస్తుంది? కాని హనుమాండ్లు బతుకంతా పచ్చి గుడ్డ వ్యాపారం. ఆయన చేతి నుంచి గుడ్డ ఎప్పుడూ గంజితోనే పోయింది. గంజికి బరువుంటుంది, బరువుకు ధర ఉంటుంది. ఉతికిన తర్వాత అదే గుడ్డ ఎలా ఉంటుందో చూడవలసిన పని ఆయనకు ఒక్కసారీ పడలేదు. కారు కోసం ఏరి ఏరి తెచ్చింది కూడా అన్నిటికన్నా ఎక్కువ గంజి ఉన్న తానునే.

"యాది మర్సిన," అన్నాడు.

"ఇరవై నాలుగు సాంచాల సేఠువి." ఆమె నవ్వింది, మనసారా నవ్వింది, కళ్లు తుడుచుకుంది. "కొత్త తాను నా దగ్గరికి పంపు. నేను తీసిస్త. కూలి గిట్ల ఇస్తనంటే మాత్రం తీయ."

ఆ రోజు ఆమెను కూర్చోమని అడగడానికి కుడి వెనక రెక్క లేదు. కారును తాడు కట్టి గ్యారేజీకి తీసుకుపోయారు.

గుడ్డ తాను పంపి, మూడో రోజు వెనకాలే తనూ వెళ్లాడు. రాజమణి ఆ గుడ్డను డ్రమ్ములో గోరువెచ్చని నీళ్లల్లో రెండు రోజులు నానబెట్టింది. పులిసిన వాసన సందంతా కొడుతోంది. బండ మీద బాది, జాడించి, ఒక మూల మీద మందుల షాపు నుంచి తెచ్చిన టింక్చర్ అయోడిన్ చుక్క వేసింది. చుక్క నీలంగా మారింది.

"ఇంకా ఉన్నది. నీలం వస్తే గంజి ఉన్నట్టు," అంది.

మళ్లీ నానబెట్టింది. మళ్లీ బాదింది. మర్నాడు సాయంత్రం ఆయన మళ్లీ వచ్చినప్పుడు చుక్క వేస్తే గోధుమ రంగులోనే నిలిచింది. అప్పుడు పిండాలి. ఒక కొస ఆమె పట్టుకుంది, ఇంకో కొస హనుమాండ్లు చేతికి ఇచ్చింది. ఇద్దరి మధ్యా ఐదు గజాల తడి గుడ్డ. ఆమె కుడికి తిప్పితే ఆయన ఎడమకు తిప్పాడు. గుడ్డ తాడై, తాడు బిగిసి, నీళ్లు కారుతూ, ఒకరివైపు ఒకరిని లాగింది. గుడ్డ బిగిసేకొద్దీ పొడుగు తగ్గుతుంది. ఒక్కో మెలికకు ఒక్కో అడుగు దగ్గరయ్యారు. చివరికి మూడు గజాల దూరంలో ఆగారు. ఆమె నుదుటి మీద చెమట కనిపించేంత దూరం.

"ఎన్ని దినాల్ల ఆరుతది?" అన్నాడు హనుమాండ్లు.

"రేపటికి," అంది రాజమణి.

ఇంటికి వెళ్లేటప్పుడు దారంతా తనను తాను తిట్టుకున్నాడు. మళ్లీ తనకు తానే నచ్చజెప్పుకున్నాడు: ఎలాగూ కారు పూర్తయ్యాక కదా అడగాలనుకున్నది.

ప్రభుదాసు మళ్లీ నాలుగు రెక్కలూ పోశాడు. ఈసారి రెజిన్ గుడ్డలోకి దిగింది. ఆరాక సుత్తితో కొడితే గంటలా మోగింది. "ముందే ఆ అక్కను అడిగి ఉంటే ఇన్ని దినాలు మిగిలేటియి అన్నా," అన్నాడు. హనుమాండ్లు రంగు నాలుగు కోట్లు వేయించాడు, సీట్ల గుడ్డ రెండుసార్లు మార్పించాడు, హారను నచ్చక మూడోది పెట్టించాడు. శనివారాలు వచ్చి పోతూనే ఉన్నాయి.

2004 మే నెల చివరి శనివారం రాజమణి వచ్చి, పీసులు ఏరుకోకుండా బల్ల మీద కూర్చుంది.

"నాకు పీసులు వద్దు. ఊరికి పోతున్న."

"ఎప్పుడొస్తవ్?"

"వచ్చేది లేదు. మా అక్క బిడ్డ పోచమ్మ కోరుట్ల పక్క ఐలాపూర్ల కుట్టు దుకాణం పెట్టింది. ఒక్కతే. రమ్మని ఆరునెల్ల సంది బతిమిలాడుతున్నది. మొన్న సరే అన్న." బల్ల మీది పీసును పక్కకు నెట్టి, "ఇక్కడ ఏమున్నది, చెప్పు," అంది.

అది ప్రశ్నేనని హనుమాండ్లుకు అర్థమైంది. జవాబు నాలుక దాకా వచ్చింది. ఇంతలో దలాలు ఒకడు లోపలికి వచ్చాడు.

"మంగళారం బస్సు," అంది రాజమణి లేచి.

"బస్సు దాక నేను దింపుత. కార్ల."

ఆమె ఆయన వంక చూసింది. "సరే," అంది.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు రాజమణి ఆ కారులో కుడివైపు కూర్చుంది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. వెనక సీట్లో కుట్టుమిషను తల, రెండు మూటలు. సందు చివర ఆడవాళ్లు, "రాజమణక్క కారు నడుపుతున్నదే," అని నవ్వారు. ఆమె సంచిని గట్టిగా పట్టుకుని చిన్నగా నవ్వింది.

నార్పోలి నుంచి బస్సు ఆగే కల్యాణ్ నాకాకు ఎంత నెమ్మదిగా పోయినా ఇరవై నిమిషాలు. రెండేళ్ల పనికి ఇరవై నిమిషాలు వచ్చాయి. వాటిలో పది ట్రాఫిక్‌లో పోయాయి. అప్పటిదాకా ఆయన చెప్పింది గేర్ల గురించి, ఆమె చెప్పింది ఎండ గురించి. నాకా చేరేసరికి బస్సు రాలేదు. ముప్పావుగంట ఆలస్యమని ట్రావెల్స్ వాడు చెప్పాడు. దేవుడు కొసరు వేశాడనుకున్నాడు హనుమాండ్లు.

"రాజమణీ," అన్నాడు.

"చెప్పు."

"పోకపోతే ఏమయితది?"

"ఎందుకు పోవద్దు?"

చెప్పవలసింది ఒక్క మాట. "శనివారం పీసులు ఎవలకియ్యాలె?" అని వచ్చింది నోట్లో నుంచి.

రాజమణి అద్దంలో నుంచి బయటికి చూసింది. బస్సు కోసం నిలబడ్డ వాళ్లు కారు రెక్కలను తడుముతున్నారు. "పీసులు ఎవలన్న కొంటరు," అంది. తర్వాత ఆయనవైపు తిరిగి, మామూలు గొంతుతో అడిగింది. "నువ్వొస్తవా ఐలాపూర్?"

హనుమాండ్లు బుర్రలో తరాజు లేచింది. వైభవ్ చేతికి వ్యాపారం ఇంకా అలవాటు కాలేదు. కొత్త పెద్ద పన్నా సాంచాలకు బయానాగా ముందు డబ్బు ఇచ్చాడు. ఈ వయసులో కులపోళ్లు ఏమంటారు? దసరా సీజను.

"సీజను కానీ. చూద్దాం," అన్నాడు.

భివండీ బజారులో చూద్దాం అంటే ఏమిటో ఇన్నేళ్లుగా కట్ పీసులు కొన్న మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె తల ఊపింది. బస్సు వచ్చింది. ఆయన మూటలు ఎక్కించాడు, మిషను తలను సీటు కింద పెట్టించాడు. "పైలం," అంది రాజమణి. బస్సు కల్యాణ్ వైపు తిరిగింది.

కామత్‌ఘర్‌కు ఎడమకు తిరగాలి. హనుమాండ్లు తిరగలేదు. తరాజు ఇంకా ఊగుతూనే ఉంది, కాని చెయ్యి దాని మాట వినలేదు. కోరుట్ల బస్సులన్నీ కల్యాణ్‌లో జనాన్ని నింపుకుని, ముర్బాడ్ దాటినాక ఒక దాబా దగ్గర అరగంట ఆగుతాయని ఆయనకు తెలుసు. ఆ తర్వాత మాల్షేజ్ ఘాటు, కొండదారి. ఘాటెక్కితే ఇక అందదు.

కల్యాణ్ దాటేదాకా కారు బాగానే పరుగెత్తింది. ముర్బాడ్ దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. తారు ఎత్తేసి, పిడికెడేసి కంకర పరిచారు. హనుమాండ్లు దిగి, వంగి, కారు పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాడు. జానెడు కూడా లేదు. అవతల, దుమ్ములో, బస్సు వెనక భాగం చిన్నదై పోతోంది. లారీవాడు ఒకడు వెనక నుంచి హారను కొట్టి, "సేఠ్, ఏ షోకేస్‌మే రఖనే కీ గాడీ హై, వాపస్ లే జావ్," అని, అద్దాల అరలో పెట్టుకునే బండిని వెనక్కి తీసుకుపొమ్మన్నాడు.

హనుమాండ్లు ఎక్కి మొదటి గేరు వేశాడు.

కంకర మీద నాలుగు కిలోమీటర్లు. మొదటి అరకిలోమీటరుకే ముందు కుడి రెక్క కింది అంచు పగిలింది. తర్వాత పొట్ట కింద ఏదో గీసుకుంది. ఒక గుంతలో దిగి లేచేటప్పుడు ఎడమ వెనక రెక్క బోల్టులతో సహా ఊడి, దుమ్ములో పడిపోయింది. అద్దంలో చూశాడు, ఎర్రగా, బోర్లాపడ్డ తాబేలులా. ఆగలేదు. ఏ సాంచ మీద ఎన్ని గజాలు, ఎన్ని పొరలు, ఎన్ని రోజుల రుద్దుడు అని లెక్క మొదలై, రెండో అంకె దగ్గరే తెగిపోయింది.

దాబా ముందు బస్సు ఉంది. రాజమణి బెంచీ మీద చాయ్ సాసరులో పోసుకుంటోంది. మూడు రెక్కలతో, దుమ్ము కొట్టుకుని వచ్చిన కారును చూసి ప్రయాణికులు లేచి నిలబడ్డారు. ఆమె లేవలేదు. ఆయన వచ్చి ఎదురు బెంచీ మీద కూర్చునేదాకా చూస్తూనే ఉంది.

"ఏమన్న మర్సిపోయిన్నా?" అంది.

"లేదు. నేనే మర్సిన."

"చాయ్ తాగుతవా?"

"తర్వాత." చేతుల దుమ్మును చొక్కాకు తుడుచుకున్నాడు. "ఈ నెల ఇరవై రెండో తారీఖు మంగళారం. ఐలాపూర్ వస్త."

ఆమె సాసరు కింద పెట్టింది. "చూసిపోనీకా?"

"ఉండనీకి. నువ్వు ఉండుమంటే."

పక్క బెంచీ మీద ఉన్న ముసలాయన చాయ్ తాగడం ఆపేశాడు. రాజమణి అతన్ని చూసి గొంతు తగ్గించింది. "వైభవ్‌కు చెప్పినవా?"

"ఈ పొద్దు చెప్త."

"ఏమంటడు?"

"ఏమంటడో తెల్వది. అడిగి రాలే."

"సాంచాలు?"

"వాడు నడుపుతడు. నడపకపోతే వాని ఇష్టం." బెంచీ మీద ముందుకు జరిగి, "నిన్ను అప్పుడే అడగాల్సి ఉండె. నాకాల వాన పడ్డ దినం. అడగలే. నాలుగు సాంచాలు వస్తయని అడగలే," అన్నాడు.

"ఎరుకే," అంది రాజమణి. "కామత్‌ఘర్ల ఎవలకు ఎరుక లేదు?" ఆమె సాసరులోని చాయ్‌ని మళ్లీ కప్పులో పోసింది. నవ్వలేదు, కోపగించుకోలేదు. "నేను కూడ ఏడ్సుకుంట కూసోలే. కనకయ్య నన్ను మంచిగనే సూసుకున్నడు. గది నువ్వు ఎరుక పెట్టుకోవాలె."

"పెట్టుకుంట."

బస్సు హారను మోగింది. క్లీనరు తలుపు బాదుతూ పిలుస్తున్నాడు. ఆమె లేచి, చీర కొంగు సవరించుకుని, రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"కోరుట్ల బస్టాండ్ల దిగి ఐలాపూర్ ఆటో అడుగు. బస్సు అయితే పొద్దటిది ఒకటే, దాని కోసం నిలవడకు. ఊర్ల దిగినంక బడి పక్కపొంటి రా. బోరింగు వస్తది. బోరింగు కాడ కుడి చెయ్యి. మూడో ఇల్లు. దుకాణానికి ఇంకా బోర్డు పెట్టలే, కుట్టుమిషను చప్పుడు వినవడ్తది."

"కుడి చెయ్యి," అన్నాడు హనుమాండ్లు.

"పగటీలి రా. పొద్దుమూకినంక వస్తే కుక్కలుంటయి."

బస్సు కదిలింది. ఆమె కూర్చున్నది ఏ కిటికీ దగ్గరో దుమ్ములో కనిపించలేదు. దూరంగా కొండలు నీలంగా ఉన్నాయి. బస్సు వాటివైపు పోతూ ఒక మలుపు తిరిగి, మళ్లీ కనబడి, ఇంకో మలుపు తిరిగింది. ఆయన దాబా ముందు నిలబడే ఉన్నాడు. జేబులో కలం లేదు. ఏ సంఖ్యనైనా ఒక్కసారి వింటే మరిచిపోని మనిషి, ఈ ఆరు గుర్తులు ఎక్కడ జారిపోతాయోనని భయపడి, పెదవులు కదుపుతూ మొదటి నుంచి చెప్పుకున్నాడు: కోరుట్ల బస్టాండ్, ఐలాపూర్ ఆటో, బడి, బోరింగు, కుడి చెయ్యి, మూడో ఇల్లు. అంతా సరిగ్గా వచ్చింది. అయినా మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాడు.